ఇడు అన్నదెవరు

ఈ నెల రెండో శనివారం. పొద్దున్నే కుళాయి నీళ్లు పట్టాను, రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను, రాగులు మరకు పంపాను, ఎండబెట్టాల్సిన టమోటాలు సగం కోశాను. మిగతా సగం కోస్తుండగా పుంగనూరు నుంచి ఫోన్ వచ్చింది. అక్క పోయిందన్నారు. ఫోన్ పెట్టేసి, మిగిలినవీ కోసి పళ్లేల్లో పరిచి, ఆ తర్వాతే చీర మార్చుకున్నాను. అలా చేయడం నేర్పింది ఆమే. "పట్టిన పని సగంలో ఇడిస్తే చెయ్యి చెడిపోతాది మే" అనేది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మదనపల్లెలో, మిషన్ కాంపౌండులో, మా వెనక ఇంటి నర్సమ్మ కూతురు. రాష్ట్ర మహిళల షటిల్ చాంపియన్‌గా ఆమెను చాలామంది ఎరుగుదురు. అంతకుముందు ఆమె నా డబుల్స్ జోడీ అని ఎరిగినవాళ్లు తక్కువ.

గాలి లేవకముందే ఆడాలని తెల్లవారేసరికి సున్నంతో గీతలు గీసి ఉంచేది. కాక్‌ల ఈకలు తొందరగా విరగకుండా వాటికి ఆవిరి పట్టేది, అదీ మా అమ్మ ఇడ్లీ గిన్నె మీద.

"యాల తల్లీ, ఇడ్లీల నీళ్లలో బాతీకలు ఉడకేస్తాండావు?" అనేది అమ్మ.

"ఈ పొద్దు ఇడ్లీలు ఎగురుతాయి పిన్నమ్మా, పట్టుకోని తినండి."

నాకు రాకెట్ పట్టడం నేర్పింది ఆమే. బలం భుజంలో కాదు, మణికట్టులో ఉంటుందని చెప్పి నా చేతిని తన చేతిలో పెట్టుకుని తిప్పేది. ఇప్పటికీ సంకటి గెలికేటప్పుడు ఆ తిప్పుడే పనికొస్తోంది.

ఆటలో నేను ముందు, నెట్ దగ్గర. ఆమె వెనక. "చూపు నెట్ మీద, చెవి నా మీద పెట్టు" అనేది. వెనక గీత ఆమెకే కనిపిస్తుంది. కాక్ బయటికి పోతోందనుకుంటే "ఇడు" అనేది, వదిలేయమని. ఎదుటివాళ్లకు తెలియకూడదని నాకొక్కదానికే వినపడేంత మెల్లగా అనేది. ఆ మాట వినగానే చేయి దించేసేదాన్ని. తల తిప్పి చూసేదాన్ని కాదు.

కుప్పంలో ఫైనల్ ఆడాం. రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసేవాళ్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆఖరి పాయింట్. కాక్ నా తల మీదికి వచ్చింది. చేయి ఎత్తాను. "ఇడు" అంది అక్క. దించేశాను. కాక్ పోయి వెనక గీత మీదే పడింది. గీత మీద పడితే లోపల పడినట్టే, ఓడిపోయాం.

నేను వెనక్కి తిరిగేలోగా మళ్లీ అక్క గొంతు, ఈసారి అందరికీ వినపడేలా: "యాల ఇడిసినావు మే? చేతికందేదే కదా!"

కుర్చీల్లో వాళ్లు ఏదో రాసుకున్నారు. ఆమెను తీసుకున్నారు. నాకు అంచనా చాలదన్నారు.

తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుని వేరుశెనగ ఉండ చేతిలో పెట్టింది. "నీకింకా శానా మ్యాచ్‌లుండాయిలే" అంది. ఆ ఉండ తినలేదు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "అది అట్లా చేసే పిల్ల కాదు మే, నువ్వే తప్పు ఇనుంటావు" అంది అమ్మ. మళ్లీ రాకెట్ పట్టలేదు.

అక్క సింగిల్స్‌కు మారింది, చాంపియన్ అయింది, ఆటల కోటాలో ఉద్యోగం వచ్చింది. మదనపల్లెలో సన్మానం చేస్తే వెళ్లాను. మైకులో నవ్వుతూ చెప్పింది: "కుప్పంలో మా జోడీ చేతికందే కాక్ ఇడిసేసింది. ఆ పొద్దే అనుకున్నా, ఇంక ఒక్కదాన్నే ఆడాలని." అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనామె నన్ను మోచేత్తో పొడిచి మరీ నవ్వింది.

మోకాలు దెబ్బతిన్నాక పుంగనూరులో, అత్తగారి ఊళ్లోనే స్థిరపడి ఇంటి వెనక కోర్టు వేయించి ఆడపిల్లలకు నేర్పింది. జబ్బు చేసిందని తెలిసి చూడబోయాను. టమోటా ధర అడిగింది, నా పిల్లల చదువులు అడిగింది. నా మణికట్టు పట్టుకుని, "ఇంకా గట్టిగానే ఉండాదే" అంది. ఇంకేమైనా అంటుందేమోనని ఆఖరి బస్సు దాకా కూర్చున్నాను. అనలేదు.

మూడోనాటి ప్రార్థనకు వెళ్లినప్పుడు, ఆమె దగ్గర నేర్చుకునే అమ్మాయి ఒకతె వచ్చి అడిగింది. "కుప్పం ఆంటీ మీరేనా?"

"నీకెట్లా తెలుసు?"

"మా కోర్టులో ఇడు అంటే గట్టిగా అనాల ఆంటీ, అంపైర్‌కు గూడా ఇనపడాల. తప్పయితే చెయ్యెత్తి 'నేనే అన్నా' అని చెప్పాల. చెప్పకుంటే మేడం రాకెట్ పెరుక్కుంటాది. కుప్పంలో తను చెప్పలేదంట కదా. ఆ కత మాకు శానాసార్లు చెప్పింది."

ఒళ్లు మండింది. పుంగనూరు పిల్లలందరికీ చెప్పిన మాట, గంట బస్సు దూరంలో ఉన్న నాకు చెప్పలేదు. నా చేయి పట్టుకుని కూడా చెప్పలేదు. కుప్పంలో చేసింది ఒక క్షణంలో, భయంలో చేసిందనుకోవచ్చు. ఇది మాత్రం ఏళ్ల తరబడి, తెలిసి చేసింది.

ప్రార్థన అయ్యాక పిల్లలు కోర్టుకు వెళ్లారు. ఆట మానవద్దని అక్క చెప్పిపోయిందట. ఒకరు తక్కువైతే నన్ను వెనక నిలబెట్టి చేతిలో రాకెట్ పెట్టారు. చీర కొంగు బిగించి నిలబడ్డాను. కాక్ ముందున్న పిల్ల తల మీదికి వచ్చింది. బయటికే పోతుందనుకున్నాను.

"ఇడు!"

ఆ పిల్ల చేయి దించేసింది. వెనక్కి చూడనైనా లేదు. కాక్ వచ్చి నా కాళ్ల దగ్గర, గీత మీదే పడింది.

అందరూ ఆ పిల్ల వైపే చూశారు. నేను చెయ్యెత్తాను.

"నేనే అన్నా."

నాకు రావలసిన మాట నా నోటి నుంచే విన్నాను. క్షమించానో లేదో ఇప్పుడే రాయలేను. తెల్లటి గీత మీద తెల్లటి కాక్ కాసేపు అలాగే ఉండిపోయింది, ఎవరూ తీయలేదు. అక్క నాకు పడ్డ బాకీ అక్కడితో చెల్లు.