రివర్స్ కేటీ

టెక్సస్‌లో ఇర్వింగ్‌కి గంట దూరంలో, లేక్ పక్కన ఒక స్టేట్ పార్క్ ఉంది. 2009లో ఒక బుధవారం ఆ దారిన పోతూ కాసేపు ఆగాను. నీళ్ళలోకి కట్టిన చెక్క వంతెన మీద ఒక తెల్లాయన గాలం వేస్తున్నాడు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే రాడ్ నా చేతికిచ్చి, కొక్కేనికి దారం ముడెయ్యడం, విసరడం ఓపిగ్గా చూపించాడు. తర్వాత, "ఇప్పుడు నేనే కొత్తవాణ్ణి అనుకో. నువ్వు నాకు నేర్పు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మా ఆఫీసుల్లో వెళ్ళిపోయేవాళ్ళు తమ పని మాకు నేర్పడాన్ని కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటాం. నేర్చుకున్నదంతా మేం వాళ్ళకే తిరిగి చెప్పి చూపించాలి. దాన్నే రివర్స్ కేటీ అంటాం.

"మీదీ ఐటీనా?" అన్నాను.

"పోయిన నెల దాకా. ఇరవై రెండేళ్ళు చేశాను. చివరి ఆరు వారాలూ హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరికి నా పని నేర్పాను."

నడుముకి వేలాడుతున్న ఆఫీసు బ్యాడ్జ్‌ని మెల్లగా జేబులో దోపుకున్నాను. ఆయన చూడనట్టే నీళ్ళవైపు తిరిగాడు.

అప్పటికి నేను నలుగురి దగ్గర కేటీ తీసుకున్నాను. అందరికీ చివరిరోజు కేక్ కట్ చేశాం. రేపట్నుంచి ఏం చేస్తారని ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు.

ఈసారి నేను విసిరిన గాలం సరిగ్గా, దూరంగా పడింది.

"మీవాళ్ళు తొందరగా నేర్చుకుంటారు," అన్నాడాయన, నా చేతిలోంచి రాడ్ వెనక్కి తీసుకుంటూ.