సుబ్రహ్మణ్యం గారి గుడ్ల ముహూర్తం

సుబ్రహ్మణ్యం గారు ముహూర్తం చెయ్యకుండా ఏ పనీ మొదలుపెట్టరు. ముహూర్తమంటే పంచాంగం చూసి ఊరుకోవటం కాదు, సినిమా ముహూర్తం. కొబ్బరికాయ కొట్టాలి, హారతి ఇవ్వాలి, ఒకరు క్లాప్ కొట్టాలి, ఒకరు కెమెరా స్విచ్ ఆన్ చెయ్యాలి, ఇంకొకరు తొలి షాట్‌కి గౌరవ దర్శకత్వం వహించాలి. ఫిల్మ్‌నగర్‌లో ఆయన అద్దెకుండే వాటాకి గ్యాస్ సిలిండర్ వచ్చినా అంతే. క్లాప్ సిలిండర్ తెచ్చినతను, స్విచ్ ఆన్ వాచ్‌మన్, గౌరవ దర్శకత్వం భార్య శారదాదేవి గారు. ఓసారి కొత్త పళ్ళ బ్రష్షుకి వర్జ్యం అడ్డొచ్చి మూడు రోజులు వేపపుల్లతో నెట్టుకొచ్చారని కాలనీలో చెప్పుకుంటారు. పోచయ్య మాత్రం అది అబద్ధమంటాడు. రెండు రోజులేనట.

పోచయ్య లైట్‌మన్. బోరబండ నుంచి ముప్పై ఎనిమిదేళ్ళు సెట్లకి వెళ్ళొచ్చాడు. సుబ్రహ్మణ్యం గారు నిర్మాత. ఏడు సినిమాలు తీశారు, అంటే ఏడు ముహూర్తాలు చేశారు. ఏడింటికీ లైటు వేసింది పోచయ్యే. ఒక్కటీ విడుదల కాలేదు. మొదటిది ఫైనాన్స్ దగ్గర ఆగింది. రెండోది హీరోగారికి ఇంకో పెద్ద సినిమా తగిలి ఆగింది. మూడోదాని దర్శకుడు ముహూర్తం భోజనం చేసి వెళ్ళి మళ్ళీ ఫోనెత్తలేదు. మిగతావాటి కారణాలు ఇంతకన్నా గొప్పవేం కావు. హాల్లో గోడ మీద ఏడు ముహూర్తాల ఫొటోలూ వరసగా ఉంటాయి. వాటి పక్కన విడుదలైన సినిమా కోసమని ఒక మేకు కొట్టి ఉంచారు. శారదాదేవి గారు దానికి కూరల సంచి తగిలిస్తారు.

"ఒక్కటి బయటికి రావాలి పోచయ్యా" అనేవారు సుబ్రహ్మణ్యం గారు టీ తాగుతూ. "పెద్దదే కానక్కర్లేదు. నేను మొదలుపెట్టినది ఏదో ఒకటి చివరిదాకా వెళ్ళి బయటికి రావటం ఈ కళ్ళతో చూడాలి." అరవై ఎనిమిదేళ్ళ మనిషి అంత ఆశగా అంటుంటే పోచయ్య చేతిలో టీ చల్లారిపోయేది.

మొన్న చలికాలంలో ఆయన కోడిగుడ్లు పొదిగించే వీడియో ఒకటి చూశారు.

"ఇరవయ్యొక్క రోజుల్లో విడుదల పోచయ్యా. ఇంత పొట్టి షెడ్యూల్ ఇండస్ట్రీలో ఎవరికుంది? హీరో డేట్లు అక్కర్లేదు, సెన్సార్ లేదు."

"కోడి ఉండాలె గద సార్."

"కోడెందుకు? పెట్టె ఉంది. కరెంటుకి పెడితే అదే వెచ్చగా ఉంచుతుంది."

పెట్టె వచ్చింది. తర్వాత కడక్‌నాథ్ అనే నల్లకోడి గుడ్లు పన్నెండు కొరియర్లో పంపమని చెప్పారు. "ఎదురుగుండా షాపులో గుడ్లు పెట్టుకుని కొరియరేంటండీ" అన్నారు శారదాదేవి గారు. "అవి తినే గుడ్లు, ఇవి కనే గుడ్లు" అన్నారాయన.

ముహూర్తం ముందు ఆదివారం అనుకున్నారు. హఠాత్తుగా శుక్రవారం ఉదయం పది నలభై రెండుకి మార్చారు. గురువారం సాయంత్రం పోచయ్యకి ఫోను. "రేపు తొమ్మిదికి కాల్ టైం. నీ టార్చి తెచ్చుకో."

ఆ గురువారం పొద్దున్నే యూనియన్ వాళ్ళు పోచయ్యకి శాలువా కప్పారు. మోకాళ్ళు అరిగాయి, ఇక నిచ్చెనలెక్కొద్దని చెప్పి కార్డు తీసుకుని పంపేశారు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, తెల్లారితే ఎక్కడికి వెళ్ళాలో అతనికి తెలియలేదు. శుక్రవారం తొమ్మిదికి పావు తక్కువకే ఫిల్మ్‌నగర్‌లో ఉన్నాడు.

తొమ్మిదిన్నరకి పార్శిలొచ్చింది. గుడ్ల మీద ఒక చీటి ఉంది. పోచయ్య కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు.

"సార్, గీ చీటిల ఏమున్నదో సూసిన్రా? గుడ్లు దూరంకెల్లి ఊగుకుంట అచ్చినయట. మొన కిందికి వెట్టి ఒక దినమంత కదపకుండ ఉంచాలెనట. లోపట గాలి బుడ్డ కుదురుకున్నంకనే పెట్టెల పెట్టాలెనట."

"రేపు అష్టమి. ఎల్లుండి నుంచి మూఢం. గుడ్లు సర్దుకుపోతాయి పోచయ్యా, లగ్నం సర్దుకోదు."

"ఒక్క దినమే గద సార్."

"ఈ రోజే చెయ్యాలి" అన్నారాయన, ఎప్పుడూ లేనంత మొండిగా.

చేశారు. గౌరవ దర్శకత్వం మామూలుగానే శారదాదేవి గారు. స్విచ్ ఆన్ పై వాటాలో ఉండే డబ్బింగ్ ఆర్టిస్టు లీలాకుమారి. క్లాప్ పోచయ్య. ఇన్నేళ్ళలో అతను క్లాప్‌ని దూరం నుంచి చూడటమే గానీ చేత్తో పట్టుకుని ఎరగడు. పన్నెండు గుడ్ల ముందు నిలబడి కొట్టాడు. సుబ్రహ్మణ్యం గారు కొబ్బరికాయ కొట్టిన అదురుకి బల్లతో సహా పెట్టె ఎగిరిపడింది. "జర మెల్లగ సార్" అన్నాడు గానీ అప్పటికే హారతి మొదలైపోయింది. తర్వాత పులిహోర, బొబ్బట్లు.

ఆ రోజు నుంచి షూటింగే. గుడ్డుకి ఒకపక్క ఇంటూ, ఇంకోపక్క సున్నా పెన్సిల్‌తో గీసి రోజుకి మూడుసార్లు తిప్పాలి. లేకపోతే లోపలి పిండం పెంకుకి అంటుకుపోతుంది. తిప్పినప్పుడల్లా ఆయన టేక్ నంబరు చెప్పేవారు. పోచయ్య రోజూ తొమ్మిదికి హాజరు కావాలి. ఒకరోజు బస్సు దొరక్క పది నిమిషాలు ఆలస్యమైతే "యూనిట్ అంతా నీకోసం వెయిటింగ్" అన్నారు. యూనిట్ అంటే గుడ్లు.

ఏడోరోజున టార్చి వేసి లోపల ఏం జరుగుతోందో చూడాలి. షూటింగ్‌లో తీసినంతవరకు వేసి చూసుకున్నట్టే గనక ఆయన దాన్ని రషెస్ అన్నారు. పరదాలు దించి హాలు చీకటి చేశారు. శారదాదేవి గారి సీరియల్ ఆపించారు. పోచయ్య టార్చి మూతిని పిడికిట్లో బిగించి, వేళ్ళ సందులోంచి వచ్చే వెలుతురు మీద గుడ్డు వెడల్పు వైపు ఆనించాడు. గుడ్డంతా నారింజ రంగులో వెలిగింది.

"ఏముంది పోచయ్యా?"

"ఉత్తదున్నది సార్."

"రెండోది?"

"గిది సుత ఉత్తదే. గాలి బుడ్డ సూడున్రి, ఉన్నకాడ ఉంటలేదు. నీళ్ళ లెక్క ఊగుతున్నది."

మూడోదాంట్లో ఎర్రటి గీత ఒకటి ఉంగరంలా కనిపించింది. "గిది షురువై ఆగిపోయింది సార్."

"మన బ్యానర్‌దే" అన్నారాయన. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

వరసగా తొమ్మిది పోయాయి. పదోదాని మీద టార్చి ఆనించగానే సన్నటి ఎర్ర నరాలు సాలీడు కాళ్ళలా అన్నివైపులా పాకి కనిపించాయి. మధ్యలో నల్లటి చుక్క ఒకటి కదులుతోంది. పోచయ్య వేసిన లైట్ల కింద ఎందరో అందగత్తెలు నిలబడ్డారు. తన వెలుగులో ఇంత బాగున్నదాన్ని మాత్రం అతను చూడలేదు. సుబ్రహ్మణ్యం గారు గుడ్డుకి జానెడు దూరంలో మొహం పెట్టి అలాగే ఉండిపోయారు.

"ఉంది పోచయ్యా" అన్నారు. "లోపల ఉంది."

తర్వాతి రెండూ బాగానే ఉన్నాయి, అలా మూడు మిగిలాయి. పద్నాలుగో రోజుకి ఒక్కటే మిగిలింది. ఆ రోజు పోచయ్యకి కోపం ఆగలేదు. ఆయన్నేమీ అనలేక వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క దినం ఆగితే ఏం పోతుండె అమ్మా? సారు పానమంత వాటి మీదనే వెట్టుకున్నడు. గా మూఢం పాడుగాను."

శారదాదేవి గారు కాఫీ కలుపుతూ, "ఏ మూఢం అన్నయ్యా? మూఢమూ లేదు, అష్టమీ లేదు. ఆయనకసలు పంచాంగం చూడటమే రాదు" అన్నారు.

"మరి పది నలబై రెండేంది?"

"ఏదో ఒక టైము చెప్పాలిగా. మీ కార్డు తీసుకున్నారని తెలిసిన దగ్గర్నుంచి ఒకటే తిరగటం ఇంట్లో. 'రేపు పోచయ్యకి కాల్ లేదే శారదా, తెల్లారి లేచి ఏం చేస్తాడు' అని. ఆ చీటిలో సంగతి ఆయనకి ముందే తెలుసు, వీడియోల్లో వందసార్లు చూశారు. గుడ్లు పోతాయేమోనండీ అన్నాను. 'పోతే పోనీ, రేపొక్కరోజు అతను ఇంట్లో ఉండకూడదు' అన్నారు."

పోచయ్య కాఫీ గ్లాసు పట్టుకుని ఏడు ముహూర్తాలూ ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకున్నాడు. సమ్మెలో సెట్లన్నీ మూతపడ్డప్పుడు ఒకటి. కరోనా వెళ్ళి ఇంకా పనులు మొదలుకానప్పుడు ఒకటి. రెండు ఆషాఢంలో. ఆషాఢంలో ముహూర్తమేమిటని అప్పుడెవరూ అడగలేదు, భోజనాలు బాగుండి ఉంటాయి. చేతినిండా పనున్న రోజుల్లో జరిగింది ఒక్కటీ లేదు. అలాగని ఆయన సినిమా తీద్దామనుకోలేదని కాదు. ఏడుసార్లూ నిజంగానే అనుకున్నారు. కాకపోతే జనం పనుల్లేకుండా ఉన్నప్పుడల్లా అనుకున్నారు.

తనకి తెలిసిపోయిందని పోచయ్య చెప్పలేదు. మర్నాటి నుంచి ఎనిమిదిన్నరకే రావటం మొదలుపెట్టాడు.

పద్ధెనిమిదో రోజున తిప్పటం ఆపి, పెట్టెలో నీళ్ళు పోసి తేమ పెంచారు. ఇరవయ్యొకటో రోజు సుబ్రహ్మణ్యం గారు తెల్లచొక్కా వేసుకుని పొద్దున్నే పెట్టె ముందు కూర్చున్నారు. సాయంత్రమైనా గుడ్డు గుడ్డులాగే ఉంది.

"వాయిదా పడిందిలే" అన్నారు. దుమ్ము లేకపోయినా పెట్టె మూతని కండువాతో తుడిచారు. "మనకి కొత్తా ఏంటి. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు పోచయ్యా."

పోచయ్య టార్చి సంచిలో పెట్టుకుంటూ, "రేపు తొమ్మిదింటికి కాల్ టైం సార్. మీరు లేట్ జెయ్యకున్రి" అన్నాడు.

మర్నాడు పదకొండున్నరకి పెంకు మీద చిన్న బీట కనిపించింది. లోపల్నుంచి సన్నగా కీచుమంది. శారదాదేవి గారు కూడా స్టవ్ కట్టేసి వచ్చి నిలబడ్డారు. రెండున్నర గంటలు పట్టింది. పెంకు చుట్టూ చీలింది, కాలొకటి తన్నింది, తడిసి ముద్దయిన నల్లటి పిల్ల బయటికి దొర్లి పడింది.

"కొబ్బరికాయ తెమ్మంటారా?" అన్నారు శారదాదేవి గారు.

ఆయన తల అడ్డంగా ఊపారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి జేబులో పెట్టి మళ్ళీ తీశారు.

"వచ్చింది పోచయ్యా" అన్నారు మెల్లగా. "బయటికి వచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి? నాకు మొదలుపెట్టటం ఒక్కటే వచ్చు."

"ఏం జెయ్యొద్దు సార్." పోచయ్య రెండు కుర్చీలు లాగి పెట్టె ముందు పక్కపక్కన వేశాడు. "కూసొని సూడాలె, అంతే."

కూర్చున్నారు. పిల్ల లేవబోయి పడింది, మళ్ళీ లేచి మళ్ళీ పడింది. శారదాదేవి గారు రెండోసారి భోజనానికి పిలిచినప్పుడు, "ఇంటర్వెల్ లేదమ్మా గీ బొమ్మకు" అన్నాడు పోచయ్య, పెట్టె మీంచి చూపు తిప్పకుండా.