గ్యాసే అయ్యుంటుంది

కొండెక్కి కిందికి జారడం సరదా అని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లు నా కంటపడితే నాలుగు దులిపేదాన్ని. కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్లంతా చలికాలంలో ఒక్కసారైనా మంచుకొండలున్న టాహో వెళ్లి రావాల్సిందే. వెళ్లకపోతే పిల్లలు బడిలో తలెత్తుకోలేరట! అలా ఒక లాంగ్ వీకెండ్‌కి మేమూ, ఇంకో రెండు కుటుంబాలూ కలిసి అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నాకప్పటికి యాభై దగ్గరపడుతోంది. మంచు మీద జారే వయసా నాది? అయినా వెళ్లాను. రానంటే మా ఆయన వారం రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతాడు.

మా ఆయనకు ఒక పిచ్చి ఉంది. ఏ పని చేసినా దాన్నుంచి ఒక నీతి పిండి, ఆఫీసువాళ్లు చూసేలా ఆన్‌లైన్‌లో పెడతాడు. పెరట్లో టమాటా మొక్క ఎండిపోయినా లీడర్‌షిప్ గురించి పాఠమే. ఈసారి బయల్దేరకముందే పేరు సిద్ధం చేసుకున్నాడు, స్కీయింగ్ నేర్పిన జీవిత పాఠాలని. మంచు మీద కాలు పెట్టకుండానే పాఠాలు కూడా రాసేసుకున్నాడు. ఇక మిగిలింది ఫొటోలూ వీడియోలూ. వాటిల్లో పడటానికీ లేవడానికీ నేనున్నాను కదా.

వెళ్లిన మర్నాడు పొద్దున్నే లేచి అందరికీ పులిహోర కలపడానికి పూనుకున్నాను. కొండ మీద అమ్మేవి పిల్లలు తింటారు గానీ మాకు సయించవు. అందుకే పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి, అల్యూమినియం ట్రేల్లోంచి పెట్టుకు తినడం మా అలవాటు. పోపు వేస్తుంటే గుండెల మధ్య ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టయింది. బయట మంచు కురుస్తోంది, నాకేమో ఒళ్లంతా చెమట. స్టవ్ కట్టేసి బయటికి వెళ్లాను. మా ఆయన మంచులో జారకుండా కారు చక్రాలకు గొలుసులు వేస్తున్నాడు.

"ఏవండీ, గుండెల్లో ఏదోలా ఉంది. పట్టేసినట్టుంది."

"రాత్రి గోంగూర అంతంత వేసుకున్నావుగా. గ్యాసే అయ్యుంటుంది. కాస్త వాము నమిలి వేడినీళ్లు తాగు," అన్నాడు, తలెత్తకుండానే.

మన ఇళ్లలో మనుషులకు గుండె ఉండదు. బొడ్డు దగ్గర్నుంచి గొంతు దాకా ఉన్నదంతా గ్యాసే. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను కాబట్టి నాకూ అదే నిజమనిపించింది. మాతో వచ్చినవాళ్లలో ఒకావిణ్ణి నేను వదినా అంటాను. ఆవిడ గబగబా జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. వాళ్లాయన ఎక్కడినుంచో అల్లం మురబ్బా తీశాడు. వదిన వీపు మీద చరిచింది. ఒక తేన్పు వచ్చింది. "అద్గదీ! వచ్చేసింది వదినా, ఇంక తగ్గిపోద్ది," అని అందరూ సంబరపడ్డారు. నేనూ సంబరపడి వెళ్లి పోపు పూర్తిచేశాను.

స్కీ బూట్లు అద్దెకిచ్చే చోట వంగి బూటు బిగించుకుంటుంటే ఎడమ దవడ లాగడం మొదలైంది. పన్ను నొప్పిలాంటిది కాదు, కింద నుంచి పైకి పాకే నొప్పి. మా ఆయన పక్కనే హెల్మెట్ పెట్టుకుని సెల్ఫీ తీసుకుంటున్నాడు.

"దవడ లాగుతోందండీ. కార్లో కూర్చోనా?"

"చలికి అలాగే ఉంటుంది. స్కార్ఫ్ చుట్టుకో. ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చింది కార్లో కూర్చోవడానికా?"

అదీ నిజమేననిపించింది. ఆయన ఏదన్నా నాకు నిజమే అనిపిస్తుంది. ఎన్నేళ్లు కాపురం చేస్తే ఆ గుణం పడుతుందో నాకు తెలియదు.

మొదటిసారి వచ్చినవాళ్ల కోసం ఒక చిన్న వాలు ఉంటుంది. అక్కడ నేర్పే కుర్రాడు ముందుగా చెప్పిన మాట, ఆగలేమనిపిస్తే సిగ్గుపడకుండా పక్కకు ఒరిగి కూర్చోండని. తర్వాత ఇంకా చాలా చెప్పాడు గానీ నాకు ఎక్కలేదు. ఊపిరి అందడం లేదు. నాలుగు గజాలు జారేసరికి కడుపులో తిప్పి, భుజం వెనక గునపం దించినట్టయింది. ఒరిగి కూర్చుండిపోయాను.

కింద నుంచి మా ఆయన ఫోన్ పట్టుకుని అరిచాడు. "లే, లే! పడ్డా లేవడమే లెసన్! వీడియో తీస్తున్నా, నవ్వుతూ లే!"

లేవలేకపోయాను. ఆయనే రొప్పుకుంటూ పైకి వచ్చాడు.

"నావల్ల కావట్లేదండీ. ఛాతీలో నొప్పి."

"అబ్బబ్బా! గ్యాస్‌కి ఇంత సీన్ చేస్తే ఎలాగే? అందరూ చూస్తున్నారు."

చూసినవాళ్లలో ఎర్ర జాకెట్ వేసుకున్న ఒక అమ్మాయి ఉంది. కొండ మీద ఎవరికైనా దెబ్బ తగిలితే చూసుకునే గస్తీ మనిషి. మొహం నిండా మచ్చలు, మా అమ్మాయికన్నా నాలుగైదేళ్లు పెద్దదేమో. నా ముందు మంచులో మోకాళ్ల మీద కూర్చుని, నొప్పి ఎక్కడని ఇంగ్లిష్‌లో అడిగింది. "షి ఈజ్ ఫైన్. జస్ట్ గ్యాస్," అన్నాడు మా ఆయన. ఆ పిల్ల ఆయన వైపు చూడనైనా లేదు. "నేను ఆవిణ్ణి అడిగాను," అంది.

నేను అలవాటుగా ఆయన మొహంలోకి చూశాను. ఏమని చెప్పమంటారన్నట్టు. ప్రాణం పోతోంది, అయినా చూశాను! నా మీద నాకే ఒళ్లు మండింది. అప్పుడు నోరు తెరిచి చెప్పాను. ఛాతీ. దవడ. భుజం వెనక. పొద్దుటినుంచీ. నాకొచ్చిన ఆ నాలుగు ఇంగ్లిష్ ముక్కలే.

ఆ పిల్ల గ్లవ్ తీసి నా మణికట్టు పట్టుకుంది. రేడియోలో ఎవరితోనో గబగబా మాట్లాడింది. మనుషుల్ని దించే బండి ఒకటి తెచ్చారు, చక్రాల్లేని పడవలాంటిది. దుప్పట్లు చుట్టి, మొహానికి ఆక్సిజన్ పెట్టి, నన్ను దాంట్లో కట్టేశారు. ఆ రోజు నేను కొండ మీద నుంచి సరిగ్గా జారింది ఆ ఒక్కసారే. ఆకాశం తప్ప ఇంకేం కనపడలేదు. భయం వేసింది. చచ్చిపోతానని, చిన్నపిల్లలా భయం వేసింది. మా అమ్మాయికి ఇంకా జడ వేసుకోవడం కూడా రాదు, ఎవరు వేస్తారా అనిపించింది.

అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తనాళం మూసుకుపోయిందని తెరిచి స్టెంట్ వేశారు. బతికాను. కానీ బాగుపడలేదు. ఈ రోజుకీ మా ఇంట్లో మేడ మెట్లు ఎక్కాలంటే మధ్యలో ఆగి గోడ పట్టుకుంటాను. బియ్యం బస్తా సంగతి సరే, వాషింగ్ మెషిన్‌లోంచి తడి బట్టలు తీయాలన్నా ఎవరో ఒకరు ఉండాలి.

స్టెంట్ వేసిన మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. గుండెలో కింది భాగం కండరం కొంత చచ్చిపోయిందనీ, అది మళ్లీ రాదనీ చెప్పింది. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగింది. "స్లోప్ మీద, లంచ్‌కి కాస్త ముందు," అన్నాడు మా ఆయన.

"కాదు. తెల్లవారగానే," అన్నాను.

ఆవిడ అది రాసుకుని, అప్పుడే వచ్చి ఉంటే ఆ భాగంలో చాలామటుకు దక్కేదని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. మా అత్తగారు పోయినప్పుడు కూడా ఆయన అంతగా ఏడవలేదు.

"పొద్దుటినుంచీ నొప్పి ఉంటే నాకొక్క మాట చెప్పొద్దుటే?"

"చెప్పానండీ. మూడుసార్లు చెప్పాను."

"ఎప్పుడు?" అన్నాడు.

అబద్ధమాడుతున్నాడేమోనని ఆ మొహంలో చాలాసేపు వెతికాను. ఆడటం లేదు. ఆయనకు నిజంగానే వినపడలేదు.