హంతకుణ్ణి కనిపెట్టే కోడలు

ఒక మెచ్చుకోలు నన్ను ఎన్నో ఏళ్లుగా బాధపెడుతోంది. నవ్వకండి. తిట్టయి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. తిట్టు తిన్నవాళ్లు పోట్లాడొచ్చు, ఏడవొచ్చు. మెచ్చుకుంటే ఏం చేస్తాం? తల వంచుకుని ఊరుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నాను. ఊరుకుంటూనే ముసలిదాన్నయ్యాను.

మా ఆడపడుచు పైడమ్మ ఇప్పటికీ తన మనవలకు చెబుతుంది. "మా వొదిన సూపంటే సూపేరా. మనిసి మొకం సూస్తే లోపల ఏటున్నాదో సెప్పీగల్దు." ఆ మాట వినబడితే నేను ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోతాను. నా చూపు సంగతేమిటో నాకు తెలుసు. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరు నాకు ఏమీ కారు, అందుకే చెప్పగలుగుతున్నాను.

అరవైల దశకం చివర. నాది విజయనగరం. నౌపడ దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. వరి పండించే కుటుంబం. ఇంటి వెనక పొలాలు, పొలాలు దాటితే ఉప్పుమడులు. ఎండాకాలం తెల్లగా మెరిసి కళ్లు చెదిరేవి. కొత్తలో నాకు అక్కడ ఏమీ తోచేది కాదు. నా పని నెమ్మది, మాట తక్కువ. మా అత్త నన్ను చూసి "మొద్దుపిల్లని తెచ్చుకున్నాం" అని నా ఎదురుగానే అనేది. కోపంతో కాదు. ఆమె మనసులో ఉన్నదేదైనా నోట్లోంచి వచ్చేయాల్సిందే.

ఆ ఇంట్లో నాకు దొరికిన మనిషి పైడి. నాకంటే రెండు మూడేళ్లు చిన్నది. నేను మాడ్చిన కూర తను మాడ్చానని చెప్పి తిట్లు తినేది. సాయంత్రం నా జడ విప్పి, దువ్వి, మళ్లీ అల్లేది. దానితో మాట్లాడుతుంటే పుట్టిల్లు గుర్తొచ్చేది కాదు.

మా అత్తకి సినిమాలంటే ప్రాణం. దేవుడి సినిమాలు కాదు. హత్య జరగాలి, హంతకుడెవరో తెలియకూడదు. అలాంటి బొమ్మ టెక్కలి వచ్చిందని తెలిస్తే ఆ రోజు అన్నం తొందరగా వార్చేసేది. పచ్చడి అన్నం మూట కట్టుకుని బండిలో అందరం మధ్యాహ్నం ఆటకి. నేల టికెట్టు మీద మఠం వేసుకుని కూర్చుని, తెర మీద ఎవడికి మీసాలుంటే వాణ్ణి చూపించి "ఆడే! ఆ మీసాలోడే సంపీసినాడు!" అని కేక పెట్టేది. హాలంతా నవ్వేది. ఒక్కసారీ ఆమె చెప్పినవాడు కాదు. అయినా మళ్లీ సినిమాకి మళ్లీ మీసాలవాడే.

నా పెళ్లయిన కొన్నాళ్లకు మా అమ్మకి జ్వరమని పుట్టింటికి వెళ్లాను. అమ్మ లేచి తిరుగుతున్నాక ఒకరోజు మా అక్కతో కలిసి సినిమాకి వెళ్లాను. ఒక జమీందారుని ఎవరో చంపుతారు. తోటమాలి మీద అనుమానం, మేనల్లుడి మీద అనుమానం. చివరికి చూస్తే మెత్తగా మాట్లాడే ప్లీడరు. అదే బొమ్మ కొన్ని నెలలకు టెక్కలి వచ్చింది. అమ్మకి జబ్బని వెళ్లి సినిమా చూసొచ్చానంటే బాగుండదు కదా. చూడలేదన్నట్టే బండెక్కాను.

ఇంటర్వెల్‌లో అత్త జంతికలు నములుతూ వేళాకోళంగా నా వైపు తిరిగింది. "ఏటే, నువ్వేటంటావు? ఎవులు సంపీసుంటారు?"

"ప్లీడరత్తా" అన్నాను.

ఎందుకన్నాను? తెలీదు అంటే సరిపోయేది. ఆ వేళాకోళం ఒక్కసారి ఆగాలనిపించింది, అంతే.

చివర్లో ప్లీడరు చేతులకి బేడీలు పడగానే మా అత్త తెరని వదిలేసి నన్ను చూసింది. ఆమె అలా నన్ను చూడటం అదే మొదలు. బండిలో నా పక్కన కూర్చుంది. "ఎలగ కనిపెట్టీసినావే?" అంది. "ఆయన నవ్వు నచ్చలేదత్తా" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. మర్నాడు పొద్దెక్కేసరికి మా వీధి అంతా తెలిసిపోయింది. మొద్దుపిల్ల అన్న నోటితోనే ఆమె "మా కోడలు మాటాడదు గానీ, అన్నీ సూస్తాది" అని చెప్పుకుంటూ తిరిగింది. ఆ ఆనందం నాకు ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు రాస్తుంటే కూడా తెలుస్తోంది. సిగ్గుగానూ ఉంది.

ఒకసారితో ఆగలేదు. నా మరిది సూరి విజయనగరంలో కాలేజీ చదువుతూ శనివారాలు పాసింజరులో వచ్చేవాడు. బొమ్మలన్నీ ముందు అక్కడికే వచ్చేవి. వాడికి నిజం చెప్పేశాను. వాడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, అప్పటి నుంచి నూతి దగ్గర నీళ్లు తోడుతూ నా చెవిలో వేసేవాడు: "ఒదినా, ఈసారి డాట్రు." "ఈసారి సవితితల్లి." నేను ఇంటర్వెల్ దాకా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, అప్పుడు చెప్పేదాన్ని. హాల్లో పక్కవాళ్లు కూడా నా వైపు వంగి వినేవారు. అత్త గర్వం చూడాలి! ఇంత చిన్న మోసానికి ఇంత సంతోషమా అనుకున్నాను. ఎవరికి నష్టం అనుకున్నాను.

పైడికి సంబంధం వచ్చింది. పాతపట్నంలో స్కూలు మాస్టారు. పేరు రాయను. తండ్రితోనూ మధ్యవర్తితోనూ కలిసి పిల్లని చూడటానికి వచ్చాడు. మా అత్త నన్ను తలుపు వెనక నిలబెట్టి, "సరిగ్గా సూడు. నువ్వేటంటే అదే" అంది.

చూశాను. సన్నగా, నల్లగా, శుభ్రంగా ఉన్నాడు. మా మామ చేతికర్ర జారి కిందపడితే, అందరికంటే ముందు వంగి తీసి ఇచ్చాడు. మజ్జిగ గ్లాసు ముందు తండ్రికి అందించాడు. పైడి వచ్చి కూర్చున్నప్పుడు కళ్లెత్తి ఒక్కసారి చూసి నవ్వాడు. పైడి తల దించుకుంది గానీ, పక్క నుంచి చూస్తున్న నాకు దాని పెదవి కదలడం కనబడింది. దానికి నచ్చాడు. నాకది తెలుసు.

లోపలికొచ్చి అత్త అడిగింది. "ఏటంటావు?"

మా మామ, మా ఆయన, వీధిలోంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఇంటర్వెల్‌లో చూసినట్టే.

"నవ్వు బాగులేదత్తా. ఆ నవ్వెనకాల ఏదో ఉన్నాది" అన్నాను.

ఎందుకన్నాను? ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అడిగుంటాను. మంచివాడే అంటే అందులో నా గొప్పేముంది, ఆ మాట ఎవరైనా చెబుతారు, నాకే కనబడేది ఏదో చెప్పాలి అనుకున్నానా? లేకపోతే ఈ పిల్ల వెళ్లిపోతే సాయంత్రాలు నా జడ ఎవరు అల్లుతారు, ఈ ఇంట్లో మళ్లీ నేనొక్కదాన్నే కదా అని లోపల ఏదో గుబులు పుట్టి, ఆ గుబులే నోట్లోంచి అలా వచ్చిందా? మొదటిదైతే పొగరు. రెండోదైతే ప్రేమ అనుకుని చాలాకాలం నన్ను నేను ఊరడించుకున్నాను. కానీ దాని మనసుకి నచ్చినవాణ్ణి తప్పించడం ప్రేమెలా అవుతుంది?

ఆ రాత్రి పైడి నా పక్కన పడుకుని, "నువ్వు సెప్పినావంటే నిజమే ఒదినా. నాకే తెల్లేదు" అంది. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

శనివారం సూరి వచ్చాడు. సంగతి విన్నాడు. నూతి దగ్గర చేద దించి నా వైపు చూశాడు. "సినిమాలంటే నాను సెప్పినాను. ఈ మనిసి గురించి నీకెవులు సెప్పినారొదినా?" నవ్వుతూనే అడిగాడు. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. వాడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మళ్లీ ఏ హంతకుడి పేరూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాత అత్త సినిమాకి రమ్మంటే ఏదో పని చెప్పి తప్పించుకునేదాన్ని.

మధ్యవర్తి మా జవాబు ఉన్నది ఉన్నట్టు మోసుకెళ్లాడు. "వాళ్ల కోడలికి ఆ నవ్వు నచ్చలేదట" అని. మాట చేతులు మారితే పెరుగుతుంది. ఆ పిల్లాడిలో ఏదో ఉందట, ఆవిడ చూపు ఎప్పుడూ తప్పదట అన్నారు. తర్వాత అతనికి కుదరబోయిన ఒకటి రెండు సంబంధాలు అలాగే వెనక్కి పోయాయని విన్నాను. పైడికి మాత్రం ఏడాది తిరక్కుండా సోంపేట వైపు కొబ్బరితోటలవాళ్ల ఇంట పెళ్లయింది. నా దగ్గర ఉంచుకోవాలనుకున్న పిల్ల ఇంకా దూరం వెళ్లింది. ఆ పెళ్లికొడుకు గురించి కూడా అత్త నన్నడిగింది. "బాగున్నాడత్తా" అన్నాను. భయంతో అన్నాను. అతను మాట కటువు, మనసు మెత్తన. పైడి బాగానే బతికింది. పిల్లలు పుట్టారు, తోట పెరిగింది. అదృష్టం నాది. చూపు కాదు.

ఇక్కడితో అయిపోతే ఇంత రాసేదాన్ని కాదు.

కొన్నేళ్ల తర్వాత ఒక చుట్టాల పెళ్లికి నౌపడలో పాతపట్నం వైపు వెళ్లే చిన్న రైలెక్కాను. నా ఎదురుగా ఒకాయన కూర్చున్నాడు. మా ఊరివాళ్ల మాటల్లో నేనెవరో తెలిసినట్టుంది, టెక్కలి దాటాక చేతులు జోడించాడు.

"తమరు పైడమ్మగారి వదినగారు కదమ్మా?"

అప్పుడు గుర్తుపట్టాను. అవునన్నాను.

"కోపంగా అడగడం లేదమ్మా. చాలారోజుల్నించి ఎవరినైనా అడగాలనుకుంటున్నాను. నా నవ్వులో తమకి ఏటి కనిపించినాది? తెలిస్తే దిద్దుకుంటాను."

రైలు చప్పుడు. నా గొంతులో మాట సిద్ధంగానే ఉంది. ఏమీ కనబడలేదండి, మీరు మంచివారు, అబద్ధమాడాను. మూడు మాటలు. పక్కన మా ఊరివాళ్లు కూర్చుని ఉన్నారు.

"నాకు గుర్తులేదండి" అన్నాను.

అతను తలూపాడు. "పోనీలెండమ్మా, చిన్న విషయం" అని, నన్ను ఇబ్బంది పెట్టానేమోనని కాస్త నవ్వాడు. నవ్వుతూ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అలవాటైపోయిన చెయ్యి అది. అతనికి తెలియకుండానే లేచింది.

పెళ్లిలో ఏం తిన్నానో తెలీదు.

చాన్నాళ్లకి మళ్లీ మా అత్తతో సినిమాకి వెళ్లినప్పుడు, ఇంటర్వెల్‌లో ఎప్పటిలాగే అడిగింది. "తెలీదత్తా" అన్నాను. తర్వాతి సినిమాకీ అదే అన్నాను. ఆమె నా చేతిలో జంతిక పెట్టింది. "నాకు తెలుసులే. ముందే సెప్పీస్తే ముసల్దాని సరదా పోతాదని దాస్తన్నావు" అంది. అందులో కూడా నా మంచితనమే కనబడింది ఆమెకి. పోయేదాకా అలాగే నమ్మింది. ఆఖరి రోజుల్లో మంచం మీద ఉండి, తను చూసిన సినిమాలన్నిటినీ నాకే చెప్పేది. కథలు కలిసిపోయేవి, ఒక సినిమాలో చచ్చినవాడు ఇంకో సినిమాలో లేచి వచ్చేవాడు. నేను కాళ్లు ఒత్తుతూ ఊఁ కొట్టేదాన్ని. ఆమెకైనా చెప్పి ఉండొచ్చు. "అయితే నీకూ నాలాగే ఏటీ తెల్దన్నమాట" అని నవ్వేసేదేమో. క్షమించేసేదేమో. అందుకే చెప్పలేదనుకుంటాను. క్షమించాల్సింది ఆమె కాదు.

ఆ మాస్టారికి ఆలస్యంగానైనా పెళ్లయిందని ఎవరో అన్నారు. నిజంగా అన్నారో, నాకు అలా వినాలని ఉందో. కనుక్కోవడానికి ప్రయత్నించలేదు.

పైడికి చెబుదామని చాలాసార్లు ఫోను తీశాను. అది "ఒదినా, ఎలగున్నావు?" అనగానే ఆ గొంతులో ఉన్న నమ్మకం విని, మనవల కబుర్లు అడిగి ఫోను పెట్టేస్తాను. చెబితే నా బరువు తగ్గుతుంది. తన బరువు? తనకి దక్కకుండా పోయినదేమిటో ఈ వయసులో దానికి తెలియాలా? తెలియకూడదని అనుకోవడం కూడా నా స్వార్థమేనా? తేల్చుకోలేకపోతున్నాను.

తేలినంత మటుకు రాస్తున్నాను. తలుపు వెనక నిలబడి చూసినప్పుడు అతనిలో నాకు ఏ తప్పూ కనబడలేదు. కనబడిందని చెప్పాను. అతను ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు నాకు అన్నీ గుర్తున్నాయి. లేవని చెప్పాను.

ఇంతే. రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. చెయ్యి నొప్పిగా ఉంది. కాస్త ఊపిరి ఆడుతోంది.