మడ్డి పోసిన చెరువు

మా బావగారు మొదటి దెబ్బ గడకర్రతో కొట్టారు. చెరువు కాపలా మనిషి మోచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గట్టు మీద ఉన్న మా అందరికీ వినిపించింది. రెండో దెబ్బకు అతను నీళ్ళలో, చచ్చి తేలిన చేపల మధ్య పడ్డాడు.

"ఏం కలిపావురా నా చెరువులో?"

"నేనెరగనండి బాబూ! నా పిల్లల మీద ఒట్టండి!"

ఇది యాభైల నాటి మాట. మా అక్కను చేసుకున్న బావగారికి తాడేపల్లిగూడెంలో నూనె గానుగలుండేవి. ఆకివీడు దగ్గర, కొల్లేటి అంచున ఒక చెరువు గుత్తకు తీసుకుని బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని వేశారు. మేత వేయించడం, నెలకోసారి వల లాగించి చేపలను కొలిచి డైరీలో రాసుకోవడం నా పని.

మొదట తవుడూ వేరుశనగ చెక్కా వేశాం. గానుగ చెక్కలో కొంత నూనె మిగిలే ఉంటుంది. చేపలు బాగా ఎదిగాయి. అది చూసి బావగారికి ఆశ పుట్టింది. బాలింతకైనా ఈనిన గేదెకైనా నూనె పట్టించడమే వాళ్ళింటి వైద్యం. నూనె డబ్బాల అడుగున పేరుకున్న మడ్డినంతా బండి మీద తెప్పించి తవుడులో పిసికించారు. చేపల పొట్టలు ఉబ్బాయి, పొడవు పెరగడం మాత్రం ఆగిపోయింది. ఆ సంగతి చెబితే, "బలుస్తున్నాయి కదయ్యా, ఇంకేం కావాలి?" అన్నారు. తూకం పెరుగుతూనే ఉంది మరి.

చేపలు చావడానికి ముందురోజు కాపలా మనిషి కూరకు ఒక చేప అడిగాడు. బావగారు చెంప పగలగొట్టారు. "మీ చెరువు మండిపోనూ!" అని అతను అందరి ఎదుటా తిట్టాడు. ఆ రాత్రి మబ్బు పట్టి గాలి స్తంభించింది. తెల్లవారేసరికి చెరువు నిండా తెల్లటి పొట్టలు. ఇంకెవరిని అనుమానిస్తారు?

ఆ ఊళ్ళో చెరువుకు విషం పెట్టినవాడి దోనె పడవను నలుగురి ఎదుటా ముక్కలు చేసేవారు. దోనె లేనివాడికి కొల్లేట్లో బతుకు లేదు, ఊరు వదలాల్సిందే. ఊరి పెద్ద గొడ్డలి తెప్పించాడు. తాటిమాను తొలిచి చేసిన అతని దోనెను ఇద్దరు గట్టుకు లాగారు. విరిగిన చెయ్యి వేలాడుతుండగా అతను నీళ్ళలోంచి వచ్చి దాని మీద బోర్లా పడ్డాడు.

"లేవరా! లేకపోతే నీతోపాటే నరుకుతా," అన్నారు బావగారు.

అతని భార్య ముందుకొచ్చింది. "నరకండి బాబూ! ఆయన్నీ నన్నూ నరికి మేతేయండి. మీ చేపలు లేచొస్తాయేమో!"

ఊరి పెద్ద ఎత్తిన గొడ్డలి దించాడు. "ఒక్క మాటండి. విషం తిన్న చేపకి పేగు నల్లబడుద్దంటారు. అది చూశాకే ఏటేద్దారండి."

బావగారు ఎవరి చేతిలోంచో కత్తి లాక్కుని ఒక బొచ్చెను చీల్చారు. పేగు కనబడనే లేదు. దాని చుట్టూ తెల్లటి కొవ్వు గడ్డలుగా కూరుకుపోయి ఉంది. కార్జం పాలిపోయి, వేలు తగలగానే చితికింది. రెండోదాన్ని చీల్చారు. మూడోదాన్ని పొడిచి పీకారు. ఎక్కడా నలుపు లేదు. ఆయన కోపంతో చీలుస్తూనే ఉన్నారు, మోచేతుల దాకా జిడ్డు కారుతోంది. ఎండ ఎక్కేకొద్దీ గట్టంతా కనరు కంపు లేచింది. మా గానుగ ఇంటి వాసన. బావగారు తన చేతులు వాసన చూసుకున్నారు. కత్తి జారిపోయింది.

"మన మడ్డేనండి," అన్నాను.

చేపల సంగతి తెలిసినవాళ్ళు తర్వాత నాకు చెప్పిందిది. నూనె మితంగా ఉంటే చేప దాన్ని ఈదడానికీ బతకడానికీ ఖర్చు పెట్టుకుంటుంది, చెక్కలోని మాంసకృత్తులు కండకు మిగులుతాయి. మితిమీరితే ఖర్చు కాని నూనె పొట్టలోనూ కార్జంలోనూ పేరుకుంటుంది, చేప బలుస్తుంది గానీ ఎదగదు. పైన జిడ్డు, అడుగున కుళ్ళిన మేత ఉన్న నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిన రాత్రి అలాంటి చేప తట్టుకోలేదు.

దోనె దక్కింది. "వైద్యం నేను చేయిస్తాలేరా," అన్నారు బావగారు నేల చూస్తూ. కాపలా మనిషి భార్య అంది: "చేయించండి. మీ నూనె మాత్రం రాయించకండి బాబూ."

ఏలూరు ఆసుపత్రిలో కట్టు కట్టారు గానీ ఎముక వంకరగానే అతుక్కుంది. దోనెకు గడ వేసే చెయ్యి అది. ఆపైన ఎప్పుడు చూసినా ఆమె నిలబడి గడ వేసేది, అతను ఎదర కూర్చుని ఒంటిచేత్తో వల విప్పేవాడు. మా గట్టు కనబడగానే ఆమె దోనెను అవతలికి తిప్పేసేది.