సభకు వచ్చిన జనం

ఎమ్మిగనూరులో మాది చిన్న వారపత్రిక. ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన ఇచ్చే విరాళంతోనే నడుస్తోంది. ఆయన షరతు ఒక్కటే: నందవరం దగ్గరున్న తన సొంతూరి వార్త ప్రతివారం రావాలి, అక్కడ ఇంటికో పేపరు ఉచితంగా పడాలి. ఆ వార్త నేను ఆఫీసులో కూర్చునే రాసేస్తుంటాను.

ఈ రోజు పేపర్లు వేసే మనిషి రాకపోతే కట్ట పట్టుకుని నేనే వెళ్లాను. మిట్టమధ్యాహ్నం ఊళ్లో కుక్క కూడా మొరగలేదు. అన్ని తలుపులకూ తాళాలే. ప్రతి తాళంలోనూ మడిచి దూర్చిన మా పాత పేపర్లు ఎండకు పసుపెక్కి, గాలికి రెపరెపలాడుతున్నాయి.

చివరి ఇంటి అరుగు మీద ఒక అవ్వ కనిపించింది.

"జనమంతా యాడికి పోయినారవ్వా?"

"సుగ్గికప్పా. మిరప కోతలకని గుంటూరు దిక్కు పోయి నెల దాటె." ఒళ్లో ఉన్న పోయిన వారం పేపరు మీద వేలు పెట్టింది. "రచ్చకట్ట కాడ సభకు జనం పెద్ద ఎత్తున వచ్చినారని రాసినారే. ఆ పొద్దంతా నేను ఆడనే కూసోనుంటి, నాకెవురూ కనపడల్యా. మీకు కనపడినోళ్లు ఎవురప్పా?"

ఎగతాళేమో అనుకుని ఆమె ముఖంలోకి చూశాను. కాదు, భయం. ఆ వార్త చదివినప్పటి నుంచి పొద్దు గూకకముందే గడియ పెట్టుకుంటోందట.

వచ్చే వారం ఏం రాయాలో మీరే చెప్పండి. సభకు వచ్చిన జనం వెళ్లిపోయారని రాయనా?