ఏ పోగు మూస అని అడిగే మేడమ్

మా బాటనీ మేడమ్ పోయారు. పుంగనూరులో ఆదివారం చర్చి నుంచి వచ్చి పడుకున్నవారు మళ్లీ లేవలేదట. నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను కుప్పంలో, నేను పనిచేసే కాలేజీలో, వైరస్‌ల పాఠానికి సిద్ధమవుతున్నాను. మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు నాకు ఆ పాఠం నేర్పింది ఆమే.

మేడమ్ చేతిసంచిలో ఎప్పుడూ ఎరుపు, తెలుపు చాక్‌పీసులుండేవి. బోర్డు మీద వైరస్ జన్యుపదార్థానికి గుర్తుగా తెల్లగా ఒక పోగు గీసి, ఇది మూస అవుతుందా కాదా అని అడిగేవారు. కొన్ని వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏను కణం నేరుగా చదివి ప్రోటీన్ చేసేస్తుంది. కొన్నింటిది తిరగబడిన పోగు. దాన్ని మూసగా పెట్టుకుని, చదవడానికి వీలైన ఆర్‌ఎన్‌ఏను కొత్తగా రాస్తేనే పని జరుగుతుంది. ఆ రాతే ట్రాన్స్‌క్రిప్షన్. ఎర్ర చాక్‌పీసుతో ఆ కొత్త పోగును మేమే గీయాలి. అర్థమైందంటే ఆమె ఒప్పుకునేవారు కాదు. “తలకాయ ఊపద్దు, గీసి సూపించు” అనేవారు. తనకు తెలియనిది అడిగితే, రేపు ఇద్దరం చూద్దామని చెప్పి, మర్నాడు నిజంగానే పుస్తకంతో వచ్చేవారు.

నేను ఫైనలియర్‌లో ఉండగా చౌడేపల్లె దగ్గర మా టమోటా తోటకు ఆకుముడత వచ్చింది. ఆకులు పసుపు రంగుకు తిరిగి దొప్పల్లా ముడుచుకున్నాయి. అంగట్లో ఇచ్చిన మందులన్నీ నాన్న కొట్టి చూశాడు. తోట పోతే నా చదువు ఆగిపోయేలా ఉందని మేడమ్‌తో చెప్పాను. మర్నాడే ఆటోలో దిగారు. చెప్పులు గట్టు మీద వదిలి, సాళ్లన్నీ తిరిగి, ముడుచుకున్న చెట్లను ఇవాళే పీకి పూడ్చేయమన్నారు.

నాన్న గతుక్కుమన్నాడు. “ఇంకేదన్నా మందు చెప్పమ్మా, కొట్టుకుంటా. ఇన్ని పీకేస్తే మాకేం మిగిలేది?”

“ఈ వైరస్‌ను సంపే మందు లేదప్పా. దాని దగ్గర ఉండేది ఒంటి పోగు డీఎన్‌ఏ. లోపలికి పోతే సెట్టే దానికి జత పోగు కడతాది. ఆ జతను సూసి, దానికి కావాల్సిన ఆర్‌ఎన్‌ఏ కూడా సెట్టే రాసిస్తాది. పనంతా సెట్టు పనిముట్లతోనే. ఇంక మందు దేన్ని కొట్టేది? రోగాన్ని మోసేది తెల్లదోమ. దాన్ని ఆపు, ముడుసుకున్నవి తీసెయ్. మిగిలినవి నిలబడతాయి.”

నాన్న సాలులోకి దిగాడు. మొదటి చెట్టు ఆయనే పీకాడు. మేడమ్ కొంగు దోపుకుని మాతోపాటు వంగారు. దోమలు అతుక్కునే పసుపు జిగురు అట్టలు ఎక్కడెక్కడ కట్టాలో చూపించారు. తోట సగానికి సగం పోయింది. మిగిలింది బాగా కాసింది. నేను పరీక్షలు రాశాను.

రిటైరయ్యాక కూడా ఫోన్ చేసేవారు. కరోనా రోజుల్లో ఆమె అడిగిన మొదటి మాట, “ఈ వైరస్ పోగు గీసి మీ పిల్లోళ్లకు సూపించినావా?” అనే. చూపించానని చెబితే తృప్తిగా నవ్వారు.

పుంగనూరు సమాధుల తోటలో మేడమ్‌ను పూడ్చి, ప్రార్థన ముగిశాక అందరూ కదిలారు. నాన్న కదల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, గడ్డలను వేళ్లతో చిదుపుతూ, ఆ కొత్త మట్టిని అరచేతులతో చదును చేస్తూ ఉండిపోయాడు.